షిఫ్టు మారే చోట

పాతబడిన ఆటోమేటిక్ కారు కుదిపేస్తుంటే గేర్‌బాక్స్ విప్పడమొక్కటే మార్గమా? భిలాయిలో ఒక రిటైర్డ్ ఫోర్‌మన్ అలా అనుకోలేదు

మొదట పసిగట్టింది ఆయన భార్య. రుఆబాంధా సెక్టార్‌లోని ఇంటి నుంచి సెక్టార్ 9 ఆస్పత్రికి వెళ్లేటప్పుడు ఆమె ఒడిలో ఒక స్టీలు క్యారియర్ ఉంటుంది. వీధి మలుపు తిరిగి కారు కాస్త వేగం అందుకోగానే దాని మూత ఠక్కుమంది. "మీ బండి తంతోందండీ" అన్నారామె. ఆయన ఒప్పుకోలేదు. రోడ్డు మీద గుంత అన్నారు. మూడు రోజుల తర్వాత అదే వీధిలో, గుంతలేమీ లేని చోట, మూత మళ్లీ ఠక్కుమంది.

ఆయన భిలాయి ఉక్కు కర్మాగారంలో రోలింగ్ మిల్లు హైడ్రాలిక్స్ చూసుకుని ఫోర్‌మన్‌గా రిటైరైన మనిషి. ఇరుగుపొరుగుకు రావ్ సాబ్. ఇంటిపేరు ఏదైనా, ఒంటిపేరు ఏదైనా తెలుగువాడికి భిలాయిలో ఆ పిలుపు తరచూ తప్పదు. 2011లో కొన్న ఆయన చిన్న కారు నాలుగు గేర్ల ఆటోమేటిక్. సరదాకు కొన్నది కాదు. ఎడమ మోకాలు దెబ్బతిన్నాక క్లచ్ తొక్కడం ఆయన వల్ల కాలేదు. ఇప్పుడు భార్యకు వారానికి రెండు రోజులు ఫిజియోథెరపీ. కారు మూలపడితే ఆ ఇంట్లో ఇద్దరికీ కాళ్లాడనట్టే.

అందుకే ఒక గ్యారేజీలో వినిపించిన మాట ఆయనకు మింగుడుపడలేదు. "గేర్‌బాక్స్ దించాలి. ఎనభై వేలవుతుంది. ఇంత పాత బండికి అంత దండగెందుకు, అమ్మేయండి" అన్నారక్కడ. హైదరాబాద్ నుంచి కొడుకు ఫోన్‌లో అదే పాట. "అమ్మేయండి నాన్నా, క్యాబ్ పిలుచుకోవచ్చు." రావ్ సాబ్‌కు కోపం తెప్పించింది ఎనభై వేలు కాదు. "బానెట్ ఎత్తలేదు, బండి నడిపి చూడలేదు. నాడి పట్టకుండానే ఆపరేషన్ అన్నాడు" అంటారాయన.

నాడి పట్టడం ఆయనకు కర్మాగారం నేర్పిన విద్య. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందంతో భిలాయి ప్లాంటుకు అంకురార్పణ జరిగింది. 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఆ నిర్మాణపు రోజుల్లో శ్రీకాకుళం జిల్లా నుంచి మట్టిపనికి వచ్చి ఇక్కడే స్థిరపడిన వారిలో ఆయన తండ్రి ఒకరు. మూడు షిఫ్టుల్లో రాత్రీపగలూ నడిచే ప్లాంటులో కొడుకు ఒంటబట్టించుకున్న సూత్రం ఒకటుంది. షిఫ్టు నడిచినంతసేపూ యంత్రం మీద ఎవరిదో ఒకరి చెయ్యి ఉంటుంది. షిఫ్టు మారేటప్పుడే జాగ్రత్త కావాలి. వెళ్లేవాడు చెయ్యి తీసేస్తాడు, వచ్చేవాడు ఇంకా పట్టుకుని ఉండడు.

ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో గేరు మారేటప్పుడు జరిగేదీ అదే. లోపల ఒక క్లచ్ పట్టు వదులుతుండగానే మరొకటి పట్టుకోవాలి. ఇద్దరూ ఒకేసారి వదిలితే ఇంజిన్ ఊరికే అరుస్తుంది, బండి కదలదు. ఇద్దరూ ఒకేసారి పట్టుకుంటే కుదుపు. ఈ అప్పగింతలు సజావుగా సాగేలా చూసేది నూనె. మామూలు గేర్‌బాక్స్‌లో నూనె పని అరుగుదల తగ్గించడం. ఇక్కడ దాని పనులు నాలుగు. ఇంజిన్ శక్తిని టార్క్ కన్వర్టర్ ద్వారా చక్రాల వైపు పంపాలి, తన ఒత్తిడితో క్లచ్ ప్లేట్లను నొక్కాలి, వేడిని మోసుకెళ్లాలి, భాగాలు అరగకుండా కాపాడాలి. హైడ్రాలిక్స్‌లో తలపండిన మనిషికి ఇంతకు మించి చెప్పనక్కర్లేదు.

ఆయన ముందుగా ఒక నోటుబుక్కు తెరిచారు. ప్లాంటులోని లాగ్‌బుక్కులాగే గళ్లు గీశారు. ఇంజిన్ చల్లగా ఉందా, వేడిగా ఉందా? ఏ గేరు నుంచి ఏ గేరుకు? కుదుపు ఎంత? చివరి గడి మూతది. అది నింపే బాధ్యత భార్యది.

వారం తిరిగేసరికి రోగం ఒకటి కాదు, రెండని తేలింది. బ్రేకు తొక్కి ఉంచి లీవర్‌ను డ్రైవ్‌లోకో రివర్స్‌లోకో వేస్తే దభీమని చప్పుడు. ఇది చల్లగా ఉన్నా వేడిగా ఉన్నా ఒకేలా ఉంది. రెండోది బండి నడుస్తుండగా మొదటి గేరు నుంచి రెండోదానికి మారేటప్పుడు కుదుపు. బండి బాగా వేడెక్కాక ఇది ఎక్కువవుతోంది. మూడు, నాలుగు గేర్లలో ఫిర్యాదు లేదు.

ఆ పుస్తకం పట్టుకుని ఆయన పవర్‌హౌస్ ప్రాంతంలోని ఒక కుర్ర మెకానిక్ దగ్గరికి వెళ్లారు. కుర్రాడు స్కానర్ తగిలించాడు. తప్పు కోడ్ ఒక్కటీ లేదు. అంటే రోగం లేదని కాదు, కంప్యూటర్‌కు కనిపించిన రోగం లేదని. ఇంజిన్ ఐడిలింగ్ వేగం ఎక్కువైతే కూడా డ్రైవ్‌లో వేసినప్పుడు బండి ఉలిక్కిపడుతుంది. అది సరిగానే ఉంది. తర్వాత చక్రాలకు చెక్కలు అడ్డంపెట్టి, బానెట్ ఎత్తి, బండి ముందు ఎవరూ లేకుండా చూసుకుని, బ్రేకు మీద కాలుంచి లీవర్ అటూ ఇటూ మార్చారు. ఇంజిన్ గూట్లోంచి లేచి పడింది. ఇంజిన్‌ను పట్టి ఉంచే మౌంట్ రబ్బరు చిరిగిపోయింది. దభీమనేది గేర్‌బాక్స్ కాదన్నమాట.

ఇక నూనె. హ్యాండ్‌బుక్‌లో చెప్పినట్టే సమతలం మీద, నూనె వేడెక్కాక, లీవర్‌ను అన్ని స్థానాల్లోకీ తిప్పి, ఇంజిన్ నడుస్తుండగా డిప్‌స్టిక్ తీశారు. మట్టం సరిగానే ఉంది. తగ్గితే పంపు గాలి పీల్చి ఒత్తిడి పడిపోతుంది. ఎక్కువైతే నురగ కడుతుంది. రంగు మాత్రం ఎరుపు పోయి కషాయంలా ఉంది. రావ్ సాబ్ ఒక చుక్క తెల్ల కాగితం మీద వేసి వాసన చూశారు. మాడు వాసన లేదు. ఆయన ఊపిరి పీల్చుకున్నది అప్పుడే. నల్లబడి మాడు వాసన వస్తే క్లచ్ ప్లేట్లు కాలాయని అర్థం. అప్పుడు గ్యారేజీవాడు చెప్పిందే నిజమయ్యేది.

అసలు గుట్టు బిల్లుల ఫైల్లో దొరికింది. మూడేళ్ల కిందట ఎక్కడో సర్వీసు చేయించినప్పుడు పోసిన నూనె గ్రేడు వేరు, హ్యాండ్‌బుక్‌లో రాసిన గ్రేడు వేరు. ఎర్రగా ఉన్న నూనెలన్నీ ఒకటి కావు. ప్లేట్లు ఎంత మెత్తగా, ఎంత త్వరగా పట్టుకోవాలన్నది నూనెలో కలిపే పదార్థాల మీద ఆధారపడుతుంది. కొన్ని బళ్లకు 'జీవితకాలం మార్చనక్కర్లేదు' అని చెప్పే నూనె కూడా మన ఎండల్లో, మన ట్రాఫిక్‌లో పాడవకుండా ఉండదు.

రెండూ ఒకేసారి మారిస్తే ఏ మందు పనిచేసిందో తెలియదు. అందుకే ముందు మౌంట్. దభీమనడం ఆగింది. రెండో గేరు కుదుపు అలాగే ఉంది. తర్వాత నూనె. ప్లగ్ విప్పితే సగానికి అటూ ఇటూగానే బయటికొస్తుంది, మిగిలింది టార్క్ కన్వర్టర్‌లోనే ఉండిపోతుంది. అందుకని మధ్యలో కొన్ని వందల కిలోమీటర్లు నడుపుతూ మూడుసార్లు మార్చారు. ప్లగ్ అయస్కాంతానికి బూడిదరంగు ముద్ద అంటింది. అది మామూలు అరుగుదల. లోహపు పెచ్చులుంటే భయపడాలి, అవి లేవు. మొత్తం ఖర్చు పన్నెండు వేల లోపే.

ఈ చికిత్స అన్ని ఆటోమేటిక్‌లకూ పనికిరాదు. 2014లో మారుతీ సెలేరియోతో మన దేశంలో అందుబాటులోకి వచ్చిన ఏఎంటీలో ఉండేది మామూలు గేర్‌బాక్సే. క్లచ్ తొక్కే పనీ, గేరు మార్చే పనీ యంత్రం చేస్తుంది. కాస్త కుదుపు దాని స్వభావం. అది మితిమీరితే చూడాల్సింది క్లచ్‌నూ, దాన్ని కదిపే యంత్రాంగాన్నీ. సీవీటీకి దానిదైన నూనె వేరే ఉంటుంది. మన బండిలో ఉన్నదేమిటో తెలుసుకోవడమే మొదటి పరీక్ష.

రావ్ సాబ్ కారు కొత్తదైపోలేదు. చలికాలం ఉదయాన మొదటిసారి రెండో గేరు పడేటప్పుడు ఇప్పటికీ చిన్నగా ఈడ్చినట్టవుతుంది. ఎప్పటికో ఒకప్పటికి గేర్‌బాక్స్ విప్పక తప్పకపోవచ్చునని ఆయనకు తెలుసు. "అమ్మనని నేననలేదురా. దేనికి అమ్ముతున్నానో తెలిశాక అమ్ముతాను" అని కొడుకుతో చెప్పారు.

నోటుబుక్కు ఇంకా డాష్‌బోర్డు అరలోనే ఉంది. మూడోసారి నూనె మార్చిన తర్వాతి ఆస్పత్రి ప్రయాణం కింద చివరి గడిలో భార్య చేతిరాత ఉంది. మూత: చప్పుడు లేదు.