మల్లేశ్వరపు చెట్లనీడ

పట్టణములు పెరుగుట తప్పదు గాని, అవి తాము నేర్చిన పాఠమును మఱచుట మాత్రము తప్పింపదగినది. బెంగుళూరునందలి మల్లేశ్వరమును జూచినపుడెల్ల మాకీ తలంపు గలుగుచుండును. అచ్చట మా బంధువుల యిల్లొకటి కలదు. వేసవి సెలవులలో నా వీథులందు దిరుగుట మాకు చిరకాలపు వాడుక. ఆ నగరమున దెలుగువారు తరతరములుగా బెక్కుమంది నివసించుచున్నారు గనుక, ఈ సంగతి మన పాఠకులకు బొత్తిగా పరాయిది కాదు.

1898వ సంవత్సరము ఆగస్టు నెలలో బెంగుళూరున ప్లేగు ప్రవేశించెను. ఇఱుకు సందులతో, గాలి వెలుతురు సొరని యిండ్లతో గూడిన పాతపేటలలో వేలకొలది జనులు మడసిరి. అప్పుడు మైసూరు సంస్థానమును మహారాణి వాణీవిలాస సన్నిధానమువారు రీజెంటుగా పాలించుచుండిరి. శేషాద్రి అయ్యరుగారు దివాను. ఆ కాలముననే ఉత్తరమున మల్లేశ్వరము, దక్షిణమున బసవనగుడి యను క్రొత్తపేటలు వెలసెను. ఎలుకలపై బ్రదుకు చిన్నపురుగు ఈ వ్యాధిని వ్యాపింపజేయునని సీమోన్ అను ఫ్రెంచి వైద్యుడు ఆ 1898లోనే కనిపెట్టినను, లోకము నమ్ముటకు పెక్కేండ్లు పట్టెను. పేటలు వేసినవా రా రహస్య మెఱుగకయే తిన్నని వీథులు తీర్చి, ఇంటి కింటికి నడుమ ఎడము విడిచిరి. కాబట్టి ఆ తోటలు విలాసమునకై పుట్టినవి కావు. మరణము నేర్పిన పాఠములు.

ఆ యిండ్ల సొంపు వేఱు. ఎఱ్ఱని మంగుళూరు పెంకుల కప్పు, ముందొక వసారా, కిటికీలపై కొనదేలిన చెక్క గొడుగులు. వీనిని అచ్చటివారు మంకీటాపులందురు. ఒక వీథికి సంపెంగ పేరు, వేఱొకదానికి వేప పేరు పెట్టియున్నారు. సర్ సి. వి. రామన్ గారి పంచవటి యను గృహము ఈ పేటలోనిదే.

ఇప్పు డట్టి యిండ్లు ఒకటొకటిగా నేలమట్టమగుచున్నవి. వాని తావున హద్దుగోడ దాక వ్యాపించిన అంతస్తుల మేడలు లేచుచున్నవి. తోట పోయినచో వాననీరు నేల నింకదు. ప్రక్కయింటికి గాలి రాదు.

అమ్మినవారిని నిందించుట సులభము. మా బంధువుల యింటికి నలుగురు వారసులు. పెంకులు సరిచేయు పనివారు దొరకరు. దూలములకు చెదలు పట్టినది. అమ్మినచో నలుగురి బిడ్డల చదువులును గట్టెక్కును. ఇంట నున్న వృద్ధురాలు మాత్రము తాను బ్రదికియుండగా సంపెంగచెట్టును గొట్టనీయనని చెప్పుచున్నది. ఇరువురి మాటయు న్యాయముగానే తోచును.

నాబోతు తన పితరుల ద్రాక్షతోటను రాజునకైనను అమ్మనొల్లడయ్యెనని బైబిలులో చదువుచున్నాము. ఆ దృఢత్వము మెచ్చదగినది. అయినను వీథి యంతయు ననుభవించు నీడకు ఒక్క వృద్ధురాలే వెల చెల్లింపవలె ననుట ధర్మము కాదు. కావున పాతయిండ్ల పట్టిక వ్రాసి, వానిని నిలుపుకొనువారికి పన్ను తగ్గింపవలెను. కట్టడపు టెత్తును, చుట్టును విడువవలసిన చోటును అందఱకు నొక్కరీతిగా నిర్ణయింపవలెను. బొంబాయిలో 1995లో విడిభవనములనే గాక పేటలను సైతము కాపాడు నిబంధనలు వెలసినవి. నియమ మందఱికి సమానమైనచో, నిలుపుకొన్నవా డొక్కడే నష్టపడడు.

పాతదంతయు పూజ్యమని మా మతము కాదు. ఆ యిండ్ల వెనుక నిఱుకు సందులు కలవు. పాకీపనివారు మలము నెత్తుకొని పోవుటకై వేసినవి. ఆ యాచారము నశించుట మేలు. సందులు మాత్రము నడకదారులై నిలువవచ్చును. గోడను నిలిపి దుర్నయమును విడుచుటయే నిజమైన సంరక్షణము.

విద్యార్థులారా! మీ వీథిలో మిక్కిలి పాతదైన యింటిని జూడుడు. దాని వసారా యే దిక్కున కున్నదో, చెట్టు నెవరు నాటిరో పెద్దల నడిగి వ్రాసికొనుడు. కారణ మెఱిగినవాడు తొందరపడి పడగొట్టడు.