చెవులు మూసుకునే ముందు

"డాక్టరుగారూ! పక్కవాళ్ళ మాటలూ, వీధిలో మోతా ఏమీ వినపడకుండా చేసే హెడ్‌ఫోను ఏది కొనమంటారు?"

ఈమధ్య చాలామంది నన్నీ ప్రశ్న అడుగుతున్నారు. ఇది షాపువాణ్ణి అడగాల్సిన ప్రశ్న కదా, డాక్టరుకేం సంబంధం అని మీకు అనిపించవచ్చు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. పోయినేడాది పండక్కి ఇంటికి వచ్చిన ఒక కుర్రాడు మా ఆస్పత్రి ఓపీకి వచ్చేదాకా నా అభిప్రాయం అదే.

అతను గ్రూప్స్ పరీక్షలకు చదువుతున్నాడు. హైదరాబాదు అశోక్‌నగర్‌లో ఒకే గదిలో నలుగురితో కలిసి వుంటున్నాడు. "చెవుల్లో కీచురాయి కూస్తున్నట్టుంది సార్. రాత్రిళ్ళు మరీ ఎక్కువ. నిద్ర పట్టడం లేదు" అన్నాడు. గులిమి లేదు. చీము లేదు. కర్ణభేరి బాగానే వుంది. అప్పుడడిగాను, హెడ్‌ఫోను వాడతావా అని. గదిలోవాళ్ళ మాటలు వినిపించకుండా పాటలు పెట్టుకుని చదువుతాడట. ఎంత గట్టిగా అంటే, "ఫుల్లుగా సార్, లేకపోతే వాళ్ళ మాటలు వినిపిస్తాయి" అన్నాడు. రోజుకు ఎనిమిది గంటలు. రెండేళ్ళుగా!

నేను మామూలు ఎం.బి.బి.యస్. డాక్టర్ని. చెవి, ముక్కు, గొంతు నిపుణుడి దగ్గరికి పంపించాను. ఆడియోగ్రామ్‌లో 4000 హెర్ట్‌జ్ దగ్గర గీత కిందికి దిగి వుంది. పెద్ద శబ్దాల వల్ల చెవి దెబ్బతిన్నప్పుడు సాధారణంగా కనిపించే గుర్తు అది.

చెవి లోపల ఏం జరుగుతుంది?

లోపలి చెవిలో నత్తగుల్లలాగా చుట్ట చుట్టుకున్న భాగం ఒకటుంది. అందులో సుమారు 16 వేల సన్నని రోమకణాలుంటాయి. శబ్దం వచ్చినప్పుడు గాలికి వరిచేను వూగినట్టు అవి వూగి, ఆ కబురును నరం ద్వారా మెదడుకు చేరవేస్తాయి. పెనుగాలికి చేను పడిపోయినట్టే పెద్ద శబ్దానికి ఈ కణాలూ ఒరిగిపోతాయి. కాస్త విశ్రాంతి ఇస్తే కొన్ని లేచి నిలబడతాయి. పెళ్ళి వూరేగింపులో డీజే పక్కన నడిచి వచ్చాక చెవులు దిబ్బడేసి, మర్నాటికి సర్దుకోవడం మీకూ అనుభవమే. కాని చచ్చిపోయిన కణం తిరిగి మొలవదు. మనిషి చెవిలో వాటికి మళ్ళీ నాటు లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క ఇది. 80 డెసిబెల్స్ శబ్దమైతే వారానికి 40 గంటలు వినవచ్చు. 90 అయితే 4 గంటలే. 100 అయితే వారం మొత్తానికి సుమారు 20 నిమిషాలు! అంటే శబ్దం కాస్త పెంచితే చెవికున్న గడువు బాగా తగ్గిపోతుందన్నమాట.

అంచేత మాటల్ని పాటలతో ముంచేయడం వైద్యం కాదు, అది ఇంకో జబ్బు. మోతను లోపలికి రానివ్వని హెడ్‌ఫోను అయితే పాట చిన్నగా పెట్టుకున్నా వినిపిస్తుంది. సరైనది ఎంచుకోవాలనడానికి డాక్టరుగా నేను చెప్పే కారణం అదే.

ఏ మోతకు ఏది?

అన్నిటికంటే చవకైనది ఫోము ఇయర్‌ప్లగ్గు. కొద్ది రూపాయల్లో వస్తుంది. వేళ్ళతో సన్నగా నులిమి, రెండో చేత్తో చెవిని పైకి, వెనక్కి లాగి, లోపల పెట్టి అది వుబ్బేదాకా పట్టుకోవాలి. పైపైన దూర్చితే పనిచెయ్యదు. నిద్రకూ, చదువుకూ ఇది బాగానే సరిపోతుంది. ఇంట్లో చిన్నపిల్లలుంటే మాత్రం అందకుండా దాచండి, మింగితే గొంతుకు అడ్డం పడుతుంది.

రెండోది చెవి మొత్తాన్ని కప్పే మెత్తలున్న హెడ్‌ఫోను. చెవిమీద ఆనించి పెట్టుకునే చిన్నరకం కాదు, చెవి చుట్టూ దిబ్బలాగా కూర్చునేది. మనుషుల మాటల్ని ఆపడంలో ఈ మెత్తలదే పెద్ద పాత్ర.

మూడోది 'నాయిస్ క్యాన్సిలింగ్' రకం. ఎక్కువమంది పొరపడేది దీని దగ్గరే. ఈ సూత్రం కొత్తది కాదు. పాల్ లూయెగ్ అనే జర్మన్‌కు 1936లోనే అమెరికాలో దీనిమీద పేటెంటు వచ్చింది. 1978లో అమర్ బోస్ అనే ప్రొఫెసరు, ఒక బెంగాలీ స్వాతంత్య్ర యోధుడి కొడుకు, జూరిచ్ నుంచి బోస్టన్‌కు విమానంలో వెళుతూ, ఇంజను హోరులో పాట సరిగ్గా వినిపించక, ఆ ప్రయాణంలోనే దీనికి లెక్కలు కట్టాడు. 1989లో పైలట్ల కోసం ఆయన కంపెనీ హెడ్‌సెట్టు అమ్మకానికి వచ్చింది. ఇందులో వుండే మైకు బయటి మోతను విని, దానికి సరిగ్గా ఎదురు అలను పుట్టిస్తుంది. ఒక అల మిట్ట మీద ఇంకో అల పల్లం పడితే రెండూ సమమైపోతాయి.

అయితే ఇది ఒకే తీరుగా సాగే లావుపాటి మోతనే బాగా ఆపుతుంది. బస్సు ఇంజను, రైలు హోరు, కూలరు, ఏసీ వంటివన్నమాట. మాట అలా కాదు. క్షణక్షణం మారుతుంది, శ్రుతి కూడా ఎక్కువ. అంచేత వేలు పోసి కొన్నా పక్కగదిలో టీవీ మాటలు సన్నగా వినిపిస్తూనే వుంటాయి. మోసపోయామనుకోకండి, దాని శక్తి అంతే. మాటలే మీ బాధ అయితే గట్టిగా మూసే మెత్తలు చూసుకోండి. దానికి తోడు ఫాను చప్పుడో, వానచప్పుడో చిన్నగా పెట్టుకుంటే మిగిలిన మాటలు అందులో కలిసిపోతాయి.

షాపులో స్విచ్చి వెయ్యకుండానే ముందు పెట్టుకుని చూడండి. ఎదుటివాణ్ణి మాట్లాడమనండి. అప్పుడే సగం మాట తగ్గాలి. కళ్ళజోడు వుంటే దానితోనే చూడాలి, కాడ దగ్గర సందు పడితే మాట అందులోంచే దూరుతుంది. పది నిమిషాలు వుంచుకున్నా తల నొక్కినట్టు వుండకూడదు. చెవిలోంచి చీము కారేవాళ్ళు చెవిలో దూర్చే రకాలు వాడకూడదు. మధుమేహం వున్నవాళ్ళు చెవిలో నొప్పి, దురద వస్తే అశ్రద్ధ చెయ్యకూడదు. ఒకరిది ఇంకొకరు పెట్టుకోవద్దు. రోజూ తుడవండి. అన్నిటికంటే ముఖ్యం, వున్నట్టుండి ఒక చెవి వినపడకపోతే గులిమి అనుకుని నూనె పోసుకుంటూ కూర్చోకండి. ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఆలస్యమైతే వినికిడి తిరిగి రాకపోవచ్చు.

ఇక నా సంగతి

ఇంత చెప్పిన నేను కూడా ఒక తప్పు చేశాను. అది చెప్పకపోతే ఈ సలహా పూర్తి కాదు.

మా ఇల్లు మెయిన్‌రోడ్డు మీద. రాత్రి డ్యూటీ చేసివచ్చి పగలు పడుకోవాలంటే హారన్లతో నరకం. అందుకని ఫోము ప్లగ్గులు పెట్టుకుని, దానిమీద హెడ్‌ఫోను కూడా తగిలించి పడుకునేవాణ్ణి. ఎంత హాయిగా నిద్రపట్టేదో! మా ఆవిడ స్కూలుకు వెళ్ళిన ఒక రోజు, ఎనభై దాటిన మా అమ్మ బాత్‌రూములో జారిపడింది. మణికట్టు విరిగింది. ఒంటిచేత్తో లేవలేక తడినేలమీదే కూర్చుండిపోయింది. నేను పది అడుగుల దూరంలో వున్నాను. నాకు మెలకువ వచ్చి చూసేసరికి దాదాపు ముప్పావుగంట అయింది.

"ఎందుకమ్మా గట్టిగా పిలవలేదు?" అన్నాను కట్టు కడుతూ.

"పిలిచాన్రా. రెండుసార్లు పిలిచాను. రాత్రంతా మేలుకుని వచ్చావు కదా, మూడోసారి పిలవబుద్ధి కాలేదు" అంది.

ఎముక ఆరు వారాల్లో అతుక్కుంది. ఆ మాట మాత్రం నన్నింకా వదల్లేదు. వినిపించకూడదనుకున్న మాటలతోపాటు వినవలసిన మాటని కూడా నేను ఆపేశాను. ఏ హెడ్‌ఫోనుకూ వీధిలో హారనేదో, అమ్మ పిలుపేదో తేడా తెలియదు.

ఇప్పుడు మా ఇంట్లో ఒక నియమం పెట్టుకున్నాం. ఒకరు చెవులు మూసుకుంటే ఇంకొకరు తెరిచి వుంచాలి. అమ్మా నేనూ ఇద్దరమే వుంటే నేను మూసుకోను. తలుపు దగ్గరగా వేసి, ఫాను పెద్దది చేసుకుంటాను. నిద్ర కొంచెం తక్కువే పడుతుంది. ఫరవాలేదు. రోడ్డుమీదా, రైలు పట్టాల దగ్గరా అసలు పెట్టుకోకూడదని వేరే చెప్పాలా?

ఆ కుర్రాడు మళ్ళీ వచ్చాడు. "మోత పూర్తిగా పోతుందా సార్?" అని అడిగాడు. పోతుందని మాట ఇవ్వలేనని నిజమే చెప్పాను. శబ్దం తగ్గిస్తే ఇంతకంటే ముదరదనీ, మెల్లగా మనసు దాన్ని పట్టించుకోవడం మానేస్తుందనీ చెప్పాను. ఇప్పుడతను పాటలు మానేశాడు, ఫోము ప్లగ్గులు వాడుతున్నాడు. చదువుకునే వేళ మాటలు తగ్గించమని స్నేహితుల్ని నోరు తెరిచి అడిగాడట. వాళ్ళు వెంటనే ఒప్పుకున్నారట. రెండేళ్ళు అడగకుండా చెవులు పాడుచేసుకున్నందుకు వాళ్ళే బాధపడ్డారట.

కాబట్టి హెడ్‌ఫోను కొనే ముందు ఒకసారి అడిగి చూడండి. కొన్నాక, మీ ఇంట్లో మిమ్మల్ని పిలిచేవాళ్ళెవరో ఒకసారి గుర్తు చేసుకోండి.