నన్నడగవా?

మా అమ్మకు చదువు రాదు. గుంటూరు జిల్లాలో మిరపకాయ కోతలకు పోయి నన్ను డిగ్రీ దాకా చదివించింది. మా మాదిగపల్లెలో మా ఇంట్లో డిగ్రీ చూసిన మొదటోణ్ణి నేనే. ఇప్పుడు గవర్నమెంటు బడిలో టీచర్ని.

2019లో అమ్మకు ఆయాసం ఎక్కువైంది. 'గుండె తాళం తప్పిన డప్పు మాదిరి కొట్టుకుంటంది నాయనా' అంది. ఆసుపత్రిలో పరీక్షలు చేసి చెప్పారు. చిన్నప్పుడొచ్చిన కీళ్ళవాత జ్వరం వల్ల మైట్రల్ వాల్వు బిగుసుకుపోయింది. దాని పైగది ఉబ్బి గుండె లయ తప్పింది. దీన్నే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. ఆ గదికున్న చిన్న సంచిలో నెత్తురు గడ్డకట్టి మెదడుకు చేరితే పక్షవాతం.

ఆ జ్వరం గొంతునొప్పితో మొదలవుతుంది. ఒక్క గదిలో ఎనిమిదిమంది పడుకునే ఇళ్ళల్లో ఆ గొంతునొప్పి తేలిగ్గా పాకుతుంది. ఒకసారి వచ్చినోళ్ళకు మూడు వారాలకోసారి పెన్సిలిన్ సూది వేస్తే గుండెను చాలావరకు కాపాడొచ్చు. మా అమ్మకు ఆ సూది వేసినోళ్ళు లేరు. కులం గుండెలోకి కూడా దిగుద్దని ఆమె రిపోర్టు చూశాకే నాకు తెలిసింది.

ఛాతీ తెరిచి వాల్వు మార్చాలన్నారు. లోహపు వాల్వు చాలా ఏళ్ళు నిలుస్తుంది, కానీ బతికినన్నాళ్ళూ నెత్తురు పల్చబరిచే మాత్రలు, తరచూ ఐఎన్ఆర్ పరీక్ష తప్పవు. జంతువు కణజాలంతో చేసిన వాల్వుకు అంత బాధ లేదు, కానీ కొన్నేళ్ళకు అరిగితే మళ్ళీ కోయాలి. దాంతోపాటే మేజ్ అనే ఆపరేషన్. 1987లో అమెరికాలో జేమ్స్ కాక్స్ అనే డాక్టరు మొదలుపెట్టాడు. పైగదుల్లో మచ్చల గీతలు పెట్టి దారితప్పిన కరెంటుకు అడ్డుకట్ట వేస్తారు. ఆ సంచినీ మూసేస్తారు. గది బాగా ఉబ్బింది కాబట్టి లయ నిలబడుతుందని ఖాయంగా చెప్పలేమన్నారు.

'ఆమెకు చదువు రాదుగా, మాత్రలు వేళకు వేసుకోదు. వీళ్ళతో ఇదే ఇబ్బంది' అన్నాడు డాక్టరు. ఆ 'వీళ్ళు' ఎవరో నాకు తెలుసు. తెలిసీ తలూపాను. ఇంగ్లీషులో నాలుగు మాటలు మాట్లాడి కణజాలపు వాల్వుకు ఒప్పుకున్నాను.

బయటికొచ్చాక అమ్మ అడిగింది. 'ఏందయ్యా, కోసేది నా గుండెనేగా? నన్నడగవా? ఊళ్ళో పెద్దోళ్ళు వాళ్ళల్లో వాళ్ళు మాట్లాడుకొని మనకు చెప్పేవాళ్ళు. నువ్వూ అంతేనా?'

సిగ్గుతో తల దించుకున్నాను. వరండాలో బెంచీ మీద కూచుని అంతా తెలుగులో చెప్పాను. ఆమె మూడే అడిగింది. ఒక్క కోతతో పోయేది ఏది? నెత్తురు పరీక్ష ఎక్కడ చేస్తారు? గోంగూర తినొచ్చా? తినొచ్చు, వారవారం ఇంచుమించు ఒకే లెక్కన తినాలని చెప్పాను.

'ముప్పై ఏళ్ళు కూలి దినాలకు గోడమీద బొగ్గుగీతలు పెట్టా. లెక్క తప్పింది ఆసామే గాని నేను కాదు. మాత్రలు లెక్కబెట్టుకోలేనా? ఇనపదే పెట్టమను. ఎటూ తెరుస్తారుగా, ఆ గీతల పని కూడా అప్పుడే చెయ్యమను.'

నా ఉద్యోగపు హెల్త్ కార్డు మీద ఆపరేషన్ అయింది. లయ ఏడాదిన్నర నిలబడి మళ్ళీ తప్పింది. వాల్వు మాత్రం నడుస్తోంది. రాత్రిళ్ళు దాని టిక్కుటిక్కు మాకు వినబడుద్ది. గోడమీద మాత్రకొక నిలువుగీత, పరీక్షకొక అడ్డగీత. ఇన్నేళ్ళలో ఒక్క గీత తప్పలేదు.

ఇప్పుడు మా బడిలో ఏ పిల్లకు గొంతునొప్పితో జ్వరమొచ్చినా, వాళ్ళమ్మను పిలిచి ఇద్దర్నీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోతున్నాను. డాక్టరు చెప్పేది ముందు ఆ తల్లికి అర్థమయ్యేలా చెప్పిస్తున్నాను.