వెండి ఆకుల మొక్కలు: గరికపాడు డైరీ పుటలు

2024 ఏప్రిల్ 18

కడియం నుంచి హైదరాబాదు పోయే మొక్కల లారీలు మా ఊరి మీదుగానే వెళతాయి. పొద్దున చెక్‌పోస్టు దగ్గర టీకి ఆగిన లారీలో, పట్టా కింద, ఒళ్ళంతా విబూది పూసుకున్నట్టున్న పొదలు కనిపించాయి. ఏమిటని అడిగితే డ్రైవరు "సిల్వర్ మొక్కలమ్మా, విల్లాల కంచెలకి" అన్నాడు. ఆ ఒక్క పేరుతో నర్సరీల్లో ఎన్నో రకాలు అమ్ముతారు. ఒకటి బతికే చోట ఇంకొకటి చస్తుంది. అందుకే ఆకు పట్టుకుని చూశాను. చిన్న ఆకు, మెత్తటి నూగు, చేవ తేలిన కొమ్మ. లూకోఫిల్లం. జగ్గయ్యపేట నర్సరీకి ఫోన్ చేసి తెప్పించమన్నాను.

ఇది టెక్సాస్, ఉత్తర మెక్సికోల మెట్ట నేలల మొక్క. టెక్సాస్ వాళ్ళు 2005లో దీన్ని తమ రాష్ట్ర స్థానిక పొదగా ప్రకటించుకున్నారు. అక్కడ సున్నపురాతి గుట్టల మీద దానంతటదే పెరుగుతుంది. మాకూ అడుగున ఉన్నది సున్నపురాయే. జయంతిపురం సిమెంటు ఫ్యాక్టరీ ఆ రాయి కోసమే ఇక్కడికొచ్చింది. ధనబోడు స్తూపానికి రెండు వేల ఏళ్ళ కింద పలకలు చెక్కిందీ సున్నపురాతితోనే. నూరువరహాలు ఈ మట్టిలో ఇనుము అందక పసుపెక్కిపోతాయి, ఎంత పశువుల ఎరువు వేసినా తేరుకోవు. అలాంటి నేలను కోరుకునే మొక్క దొరికితే వదులుకోబుద్ధి కాలేదు.

2024 మే 24

పదకొండు దాటాక వరండాలోకి కూడా పోలేం. మందారం తలవాల్చేసింది. గోడ పక్క లూకోఫిల్లం మాత్రం పెట్టిన రోజుకన్నా తెల్లగా ఉంది.

పక్కింటి అమ్మాయి గోడ మీంచి చూసి, "పిన్నిగారూ, ఆకు పాలిపోయింది, రోజూ కాసిని నీళ్ళు పొయ్యండి" అంది. ప్రేమతోనే అంది. పిలిచి ఆకు చేతికిచ్చాను. ఆ తెలుపు నిండా సన్నటి నూగు. ఎండలో కొంత భాగాన్ని ఆ నూగే వెనక్కి కొట్టేస్తుంది, ఆకు వేడెక్కదు, నీరు తక్కువ ఖర్చవుతుంది. అమెరికా ఎడారుల్లో ఎన్సీలియా అనే పొద మీద శాస్త్రవేత్తలు చేసిన పరిశోధన 1976లో సైన్స్ పత్రికలో వచ్చింది. ఆ పొద వానల రోజుల్లో పచ్చటి ఆకు వేస్తుంది, ఎండ ముదిరేకొద్దీ నూగు పెంచి తెల్లబడుతుంది. నాకు ఆ సంగతి చదివినప్పుడు కలిగిన గౌరవం ఇప్పటికీ తగ్గలేదు. కదలలేని ప్రాణి తన గొడుగు తానే నేసుకుంటోంది.

నీడలో పెట్టి రోజూ నీళ్ళు పోస్తే ఇదే మొక్క పచ్చబడి, కొమ్మలు సాగి, వాలిపోతుంది. అంతా విని ఆ అమ్మాయి, "అయితే మా డాబా మీదకి ఒకటి చెప్పండి" అంది.

2024 జూన్ 13

వానపడి గాలిలో తేమ పెరగగానే లూకోఫిల్లం ఊదారంగు పూలతో నిండిపోయింది. తేమ తగిలితే పూస్తుందని దీన్ని టెక్సాస్ వాళ్ళు వాన గుర్తుగా చెప్పుకుంటారు. కత్తెరతో పెట్టెలా కోసే కంచెల్లో ఈ పూత రాదు, చివుళ్ళన్నీ పోతాయి గనక. కొమ్మ వెంట కొమ్మ చూసుకుని కత్తిరించాలి.

2024 జులై 20

హైదరాబాదు నుంచి కోడలు ఫోన్. "అత్తయ్యా, మీ వెండి మొక్క మా హాల్లో పెట్టుకుంటాను, పంపండి." వాళ్ళ హాల్లోకి ఎండ రాదు. దాన్ని పంపనని చెప్పి, అల్యూమినియం ప్లాంట్ అనే పైలియా, వెండి మచ్చల మనీప్లాంట్‌లా ఉండే సిండాప్సస్ కొనుక్కోమన్నాను.

ఇవీ వెండివే కానీ వీటి వెండి వేరు. నూగు ఉండదు. ఆకు పై పొర కింద గాలి నిండిన సందులుంటాయి, వెలుతురు అక్కడ తిరిగి మెరుస్తుంది. పైలియా ఆకు మీద ఆ మచ్చలు కాస్త ఉబ్బి వేలికి తగులుతాయి. ఇవి వేడి అడవుల్లో పెద్ద చెట్ల నీడన పెరిగిన జాతులు, మే నెల ఎండ నేరుగా తగిలితే ఆకు మాడుతుంది. కిటికీకి రెండడుగుల దూరం చాలు. పైమట్టి వేలికి పొడిగా తగిలాకే నీళ్ళు. ఏసీ గాలి సూటిగా తగలనివ్వొద్దన్నాను. ఎవరు అడిగినా నేను మొదట చెప్పేది ఇదే: ఆకును వేలితో రుద్ది చూడు. నూగు తగిలితే ఎండలోకి, నున్నగా ఉండి మచ్చలుంటే నీడలోకి. కొన్నిట్లో కుదరదు, సాన్సెవీరియాలో మూన్‌షైన్ రకం నున్నగానే ఉండి రెంటికీ ఓర్చుకుంటుంది. అయినా నూటికి తొంభై మొక్కల ప్రాణం ఈ ఒక్క పరీక్షతో నిలబడుతుందని నా నమ్మకం.

2024 సెప్టెంబరు 5

ఒకటో తారీఖు నుంచి డైరీ రాయలేదు. పాలేరు పొంగి మా ఊరి వంతెన దగ్గర రోడ్డు దెబ్బతింది. నందిగామ అవతల ఐతవరం దగ్గర మున్నేరు హైవే మీదకొచ్చింది. హైదరాబాదు, విజయవాడల మధ్య రాకపోకలు ఆగాయి. ఇళ్ళలోకి నీళ్ళొచ్చిన వాళ్ళకి అన్నం వండి పంపడంతోనే రోజులు గడిచాయి.

ఈ పూట పెరట్లోకి వెళ్ళాను. కంకర కలిపి గట్టు పోసి పెట్టిన లూకోఫిల్లం నిలబడింది. కాలవ పక్కది పోయింది. పీకితే వేళ్ళు గోధుమ రంగులో మెత్తగా జారిపోయాయి. వీటిని చంపేది ఎండ కాదు, వేళ్ళ దగ్గర నిలిచే నీరు.

2024 అక్టోబరు 27

పిండినల్లి. తెల్ల ఆకు మీద తెల్ల పురుగు, కనపడనే కనపడదు. చీమలు కొమ్మ ఎక్కుతున్నాయంటే అనుమానించి ఆకు తొడిమల సందులు చూడాలి. వేపనూనె కొడితే నూగు అతుక్కుపోయి వెండి నల్లబడుతుంది. మెత్తటి కుంచె స్పిరిట్‌లో ముంచి ఒక్కొక్క గుంపునే తీశాను. మధ్యాహ్నం మొత్తం పట్టింది. లారీల దుమ్ము సంగతీ అంతే, గుడ్డతో తుడవకూడదు. పొద్దున్నే సన్నటి ధారతో కడిగితే ఎండెక్కేసరికి ఆరుతుంది.

2024 డిసెంబరు 8

డస్టీ మిల్లర్ తెచ్చాను. మధ్యధరా తీరపు మొక్క. మా దగ్గర శీతాకాలానికే, మార్చి దాటితే ఉండదు. బంతి పక్కన పెడితే రెండూ బాగుంటాయి.

2025 జనవరి 15, కనుమ

కోదాడ నుంచి వచ్చిన చెల్లెలు నిన్న గొబ్బెమ్మల మీద పెట్టడానికి పొలం గట్టున పిండికూర కోసుకొచ్చింది. బూడిద ఆకు, కొమ్మ పొడుగునా తెల్లటి ఉన్ని గుత్తులు. ఊళ్ళో అందరికీ ఇది మూత్రంలో రాళ్ళకి కషాయంగానో పశువుల మేతగానో తెలుసు. కుండీలో పెట్టదగ్గ మొక్కని ఎవరూ అనుకోరు. నాకు మాత్రం డబ్బు పెట్టి తెచ్చిన డస్టీ మిల్లర్ కన్నా ఇదే అందంగా కనిపించింది. పైగా ఇది నర్సరీ దాకా పోయి కొనాల్సినదీ కాదు.

ఎండిన గుత్తులు నలిపితే నల్లటి సన్న గింజలు రాలాయి. కాగితంలో పొట్లం కట్టి తారీఖు రాశాను. సగం ఎర్రమట్టి, సగం ఇసుక కలిపిన తొట్టిలో పైపైన చల్లి, లూకోఫిల్లం గట్టు వారన పెడతాను. కోడలికి కూడా కొన్ని గింజలు పంపాలి, వాళ్ళ బాల్కనీలో సాయంత్రం ఎండ పడుతుంది.