పచ్చగడ్డి పరీక్ష

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ అంటే ఎవరైనా ఒక క్షణం ఆలోచిస్తారేమో గానీ, సీటీసీ అంటే చాలు, ఠక్కున దారి చెబుతారు. అక్కడి కంప్యూటర్ కొట్లలో ఒకప్పుడు అడిగే మొదటి ప్రశ్న "ఆఫీసుకా, గేమింగ్‌కా?" ఇప్పుడు దానికో కొసరు చేరింది: "గేమింగ్ ఒక్కటేనా అన్నా, స్ట్రీమింగ్ కూడానా?" "కూడా" అన్నారో, కొటేషన్ కాగితం పొడవు పెరుగుతుంది. వెబ్‌క్యామ్, రింగ్ లైటు, క్యాప్చర్ కార్డు, రంగులు మార్చే మైకు, ఆ మైకును పట్టుకునే చెయ్యి, ఆ చేతిని పట్టుకునే క్లాంపు.

మా అక్క కొడుకు పగలు ఇంజనీరింగ్ చదువుతాడు, రాత్రి కంప్యూటర్‌లో పబ్‌జీ ఆడుతూ యూట్యూబ్‌లో లైవ్ పెడతాడు. విసుగొస్తే వాలరెంట్. అలాంటి కొటేషన్ ఒకటి ఫొటో తీసి నాకు వాట్సాప్‌లో పంపాడు. డబ్బు నాది కాబట్టి అభిప్రాయమూ నాదే. చూడగానే తోచింది ఒక్కటే: ఇందులో ఉన్నదంతా ఆడేవాడికి ఎలా ఉంటుందో చూసి రాసిందే. అవతల చూసేవాడి చేతిలో ఏముందో ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

1080పి, సెకనుకు 60 ఫ్రేములు అంటే సెకనుకు పన్నెండు కోట్ల పైచిలుకు చుక్కలు. ఒక్కో చుక్కకు 24 బిట్ల చొప్పున ఉన్నదున్నట్టు పంపాలంటే సెకనుకు దాదాపు 3 గిగాబిట్లు కావాలి. ఆటల లైవ్‌లకు పేరున్న ట్విచ్ చాలాకాలంగా స్ట్రీమర్లకు చెబుతూ వచ్చిన పైహద్దు 6000 కేబీపీఎస్, అంటే 6 మెగాబిట్లు. ఐదు వందల పాళ్లలో ఒక్క పాలు. మిగతా 499 పాళ్లను వీడియోను కుదించే ఎన్‌కోడర్ మింగేస్తుంది. దాని కిటుకు చిన్నది. ముందు ఫ్రేములో ఉన్న గోడే ఈ ఫ్రేములోనూ ఉంటే మళ్లీ పంపదు, "పాతదే ఉంచుకో" అంటుంది. కదిలిన ముక్కలకే ఖర్చు పెడుతుంది. అందుకే చదరంగం స్ట్రీము పీనాసి బిట్‌రేటులో కూడా అద్దంలా కనిపిస్తుంది. వాలరెంట్‌లో సాదా గోడలు, చదునైన రంగులు కనక అదీ గట్టెక్కుతుంది.

పబ్‌జీ ఎరాంగెల్ మ్యాపులో మనవాడు బోర్లా పడుకుని గడ్డిలో పాకడం మొదలుపెట్టాడా, కథ మారుతుంది. ప్రతి గడ్డిపరకా ప్రతి ఫ్రేములో కొత్తదే. "పాతదే ఉంచుకో" అనడానికి ఏమీ మిగలదు. ఉన్న బిట్లు చాలక ఎన్‌కోడర్ వివరాలు వదిలేస్తుంది. తెరంతా 16 చుక్కలకు 16 చుక్కల చదరపు బిళ్లలుగా విడిపోయి, శత్రువు ఎక్కడున్నాడో చూసేవాడికే కాదు, దేవుడికి కూడా తెలియదు. పచ్చగడ్డి వేస్తే భగ్గుమనడం ఎన్‌కోడర్ విషయంలో అక్షరాలా నిజం. వానా అంతే, పొగా అంతే, గెలిచాక రాలే రంగుకాగితాలూ అంతే.

అలాంటప్పుడు అందరూ బిట్‌రేటు పెంచాలని చూస్తారు. నేనైతే సైజు తగ్గించమంటాను. 720పిలో చుక్కలు 1080పిలో సగానికన్నా తక్కువ. ఉన్న కాస్త పిండిని పెద్ద పెనమంతా లాగితే దోశ చిల్లులు పడుతుంది, చిన్నగా పోస్తే నిండుగా వస్తుంది. 4500 కేబీపీఎస్‌తో 720పి, 60 ఫ్రేములు పెడితే గడ్డిలో కూడా మనిషి మనిషిలా కనిపిస్తాడు. రెంటికీ మధ్యలో 1664 బై 936 అనే కొలత ఒకటుంది, టీవీ కొట్లో ఎవరూ విని ఉండరు గానీ స్ట్రీమర్లకు బాగా తెలుసు. 6000 దాటడానికి వీల్లేనిచోట అదే మంచి రాజీ. "యూట్యూబ్ ఇంకా ఎక్కువ పంపినా తీసుకుంటుంది కదా మామా" అన్నాడు మావాడు. తీసుకుంటుంది. పంపాల్సింది మాత్రం మన ఇంటి తీగ.

చూసేవాడి సంగతి ఇక్కడే వస్తుంది. మన జనంలో ఎక్కువమంది చూసేది అరచేతిలో పట్టే ఫోన్లో, మొబైల్ డేటా మీద. రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాకు ఉన్నవాడు 6000 కేబీపీఎస్ స్ట్రీమును అలాగే చూస్తే అరగంట దాటిన మూడు నిమిషాలకు ప్యాకు ఖాళీ. యూట్యూబ్ మనం పంపినదాన్ని 480, 360 అంటూ చిన్న సైజుల్లోకి తనే మార్చి పెడుతుంది కాబట్టి బతికిపోతాడు. ట్విచ్‌లో ఆ సదుపాయం పార్ట్‌నర్లకే ఖాయం, చిన్నవాళ్లకు సర్వర్లో ఖాళీ ఉంటేనే. అక్కడ కొత్తగా మొదలుపెట్టినవాడు 6000 పంపితే, చూసేవాడు ఆ 6000నే లాక్కోవాలి, లేదా తిరిగే చక్రాన్ని చూస్తూ కూర్చోవాలి.

ఇంటర్నెట్ ప్లాన్ మీద రాసి ఉండే అంకె డౌన్‌లోడుది. స్ట్రీమర్‌కు కావలసింది అప్‌లోడు, అదీ మధ్యాహ్నం పన్నెండుకు కొలిచింది కాదు, వీధంతా సినిమాలు పెట్టుకునే రాత్రి తొమ్మిదికి కొలిచింది. అందులో సగానికి మించి బిట్‌రేటు పెట్టకపోవడం క్షేమం. వైఫై వద్దు, కేబుల్ గుచ్చాలి. లైవ్ పంపే సాఫ్ట్‌వేర్ ఓబీఎస్‌లో రేట్ కంట్రోల్ సీబీఆర్, కీఫ్రేమ్ రెండు సెకన్లు పెట్టి వదిలేయాలి.

2012లో మొదలైన ఓబీఎస్ ఇప్పటికీ ఉచితం. ఈ మొత్తం సరంజామాలో అన్నిటికన్నా విలువైనదీ, పైసా ఖర్చు లేనిదీ అదే. అందులో స్టాట్స్ అనే కిటికీ తెరిచి పెట్టుకుంటే ఫ్రేములు ఎక్కడ పోతున్నాయో మూడు వరుసల్లో విడివిడిగా చెబుతుంది. కుర్రాళ్లు మూడింటినీ కలిపి "ల్యాగ్" అంటారు. నెట్‌వర్క్ వరుసలో అంకె పెరిగితే బిట్‌రేటు తగ్గించాలి. ఎన్‌కోడింగ్ వరుసలో పెరిగితే ఎన్‌కోడర్ పని భారం తగ్గించాలి. రెండరింగ్ వరుసలో పెరిగితే ఆట గ్రాఫిక్స్ కార్డునంతా ఆక్రమించి ఓబీఎస్‌కు చోటివ్వడం లేదన్నమాట, ఆటలో ఫ్రేములకు హద్దు కట్టాలి. ఇది చూడకుండా కొత్త కార్డు కొనేవాళ్లుంటారు. నెట్ తప్పుకు కార్డు మార్చితే ఏమవుతుంది, కొట్టువాడు బాగుపడతాడు.

కార్డు కొనక తప్పదంటే ఒక్క మాట. ఎన్‌విడియా కార్డుల్లో వీడియోను కుదించడానికి ఎన్‌వెంక్ అని వేరే భాగం ఉంటుంది, అది ఆట నడిపే భాగం జోలికి పెద్దగా పోదు. 2018లో వచ్చిన ట్యూరింగ్ తరంతో దాని నాణ్యత బాగా పెరిగింది, స్ట్రీమింగ్‌కు రెండో కంప్యూటర్ పెట్టుకునే అవసరం చాలామందికి తీరింది. సెకండ్ హ్యాండ్‌లో తీసుకునేవాళ్లు జాగ్రత్త: 2019 ఏప్రిల్‌లో వచ్చిన 1650 కార్డులో పాత ఎన్‌కోడరే ఉంది, అదే ఏడాది నవంబరులో వచ్చిన 1650 సూపర్‌లో కొత్తది పెట్టారు. పేరులో తేడా ఒక్క మాటే.

క్యాప్చర్ కార్డును కొటేషన్లోంచి కొట్టేశాను. ఆడే కంప్యూటర్ నుంచే లైవ్ పెట్టేవాడికి అది దేనికి? ప్లేస్టేషన్ ఆటను కంప్యూటర్‌లోకి తెచ్చుకునేవాడికి కావాలి, ఫోన్లో ఆటను తెచ్చుకునేవాడికి కావాలి. అది కూడా ఆ ఫోను టైప్-సి నుంచి తెరకు బొమ్మ పంపగలిగితేనే, చవక ఫోన్లు చాలావరకు పంపవు. డబ్బా మీద 4కె అని రాసి చవగ్గా అమ్మే యూఎస్‌బీ క్యాప్చర్ ముక్కలు చాలావాటిలో 4కె లోపలికి మాత్రమే వెళుతుంది, బయటికొచ్చేది 1080పి, 30 ఫ్రేములు.

మైకు మాత్రం ఉంచాను, వేరేది రాయించాను. బొమ్మ మసకగా ఉన్నా జనం చూస్తారు, గొంతు గరగరలాడితే వేలు ఆగదు, పక్కకు తోసేస్తుంది. కొట్లో ఇవ్వబోయిన కండెన్సర్ మైకు స్టూడియోకు బంగారం. మా అక్క వాళ్లింట్లో అది ఫ్యాను, కుక్కర్ విజిలు, మిక్సీ, వీధిలో ఉల్లిగడ్డల బండి మైకు, అన్నీ సమానంగా వింటుంది. డైనమిక్ మైకు మొండిది, నోటికి బెత్తెడు దూరంలో పెడితే నోటినే వింటుంది. మిగిలిన రొద ఓబీఎస్‌లోని నాయిస్ సప్రెషన్ చూసుకుంటుంది. నాయిస్ గేటు మాత్రం మరీ బిగించకూడదు, మాటల తోకలు తెగుతాయి. మావాడు ఒక రాత్రి "వెనకాల ఉన్నాడు" అని అరిస్తే చూసేవాళ్లకు "వెనకాల ఉన్నా" అని వినిపించింది. చాట్‌లో "ఎవరి వెనకాల అన్నా?" అని వరదలా ప్రశ్నలు.

ఇక వెబ్‌క్యామ్. వాడి మనసంతా దాని మీదే. ఉన్న పాత కెమెరాలో మొహం గరుకుగా వస్తోందన్నాడు. చీకటి గదిలో ఏ కెమెరా అయినా అంతే, తెర నిండా ఇసుక రాలుతుంది. ఆ ఇసుక రేణువులూ ప్రతి ఫ్రేములో మారుతాయి కనక ఎన్‌కోడర్‌కు అవీ గడ్డిపరకలే, మూలనున్న మొహం ఆట బిట్లను తినేస్తుంది. కొత్త కెమెరా వద్దు, సెట్టింగుల్లో 60 హెర్ట్జ్ తీసేసి మన కరెంటుకు తగ్గట్టు 50 పెట్టి, టేబుల్‌ను ట్యూబ్‌లైటు వైపు తిప్పుకోరా అన్నాను.

"తిప్పితే వెనకాల అమ్మ బీరువా, దేవుడి పటాలు కనిపిస్తాయి మామా."

"కనిపించనీరా. అవేం కదులుతాయా, బిట్‌రేటు తింటాయా?"