మా అబ్బకు నంబరు లేదు

మా అబ్బ ఎట్టి మాదిగ. అబ్బ అంటే మా కడప జిల్లాలో నాయన్ను కన్న నాయన. జమ్మలమడుగు తాలూకాలో పెన్న ఒడ్డున నల్లరేగడి పల్లె మాది. ఆ ఊర్లో పెద్దోళ్ల ఇండ్లల్లో ఎవరు చచ్చినా బంధువులకు చావు కబురు మోసేది మా అబ్బ. మునసబు రాసిచ్చిన కాగితాలు జమ్మలమడుగు కచేరీకి మోసేది మా అబ్బ. శిస్తు కట్టమని తప్పెట కొట్టి చాటేది మా అబ్బ. బస్సులు వచ్చినాక కూడా ఆయనకు బస్సు ఛార్జీ ఎవరూ ఇయ్యలేదు. ఎట్టోనికి కాళ్లున్నాయి గదా, ఇంక బస్సెందుకు?

మా ఊరి నుంచి ప్రొద్దుటూరు ఇరవై కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. కోడి కూసే యాళకు బయల్దేరి ప్రొద్దుటూరులో కబురు చెప్పి, పొద్దు గూకక ముందే తిరిగొచ్చి ఆ శవం ముందర తప్పెట కొట్టాల. నడిస్తే అయ్యే పని గాదు. అందుకే ఉరికేటోడు. పోను రాను నలభై కిలోమీటర్లు. ఇంచుమించు అంత దూరానికే పట్నంలో మారథాన్ అని పేరుందనీ, అది ఉరికినోళ్లకు మెడలో పతకం వేస్తారనీ నాకు నలభై ఏళ్లు దాటినాక తెలిసింది.

నేను పులివెందులలో సర్కారు బడి అయివారిని. 2023 ఆగస్టు 27న హైదరాబాద్ మారథాన్‌లో 42 కిలోమీటర్ల 195 మీటర్లు ఉరికినాను. అప్పటికి నాకు 48 ఏళ్లు. ఎందుకు ఉరికినావని శానామంది అడిగినారు. సంఘంలో పనిచేసే మిత్రుడొకడు మొగం మీదే అన్నాడు: "అది ఏసీ గదుల్లో కూచునేటోళ్లు కొవ్వు కరిగించుకునే షోకన్నా. మనోళ్లు ఆకలికి ఉరికినారు, ప్రాణభయంతో ఉరికినారు. నువ్వు డబ్బులు కట్టి మరీ ఉరకాల్నా?" ఆ మాట నన్ను శానా దినాలు నిద్ర పోనీలేదు. ఇప్పుడు రాసేది ఆయనకు జవాబు.

ఆయన చెప్పింది అబద్ధం కాదు. ఉరుకు మనకు కొత్త కాదు. 1985 జులై 17న కారంచేడులో మా మాదిగలు ఉరికినారు. అక్కడ గొడవ మొదలైంది మంచినీళ్ల చెరువు కాడ. తాగే నీళ్లు మురికి చేయొద్దని అడిగినందుకు, కొట్టబోతే మున్నంగి సువార్త చేతిలో బిందె ఎత్తినందుకు, అగ్రకులపోళ్లు మూకుమ్మడిగా పల్లె మీద పడినారు. ఆరుగురిని చంపినారు. మిగిలినోళ్లు చీరాలకు పోయి తలదాచుకున్నారు. 1991 ఆగస్టు 6న చుండూరులో మాలలు పొలాల్లోకి ఉరికినారు. వెంటబడి నరికి గోనెసంచుల్లో కట్టి కాలవలో పడేసినారు. ఎనిమిది మందిని. కారంచేడు నాటికి నాకు పదేళ్లు, చుండూరు నాటికి పదహారు. ఉరుకు అనే మాట చెవిలో పడితే నాకు మైదానం గుర్తుకు రాదు, పొలం గట్టు గుర్తుకొస్తుంది.

బడిలో గూడా అంతే. హైస్కూల్లో ఆటల పోటీల్లో 1500 మీటర్లు వట్టి కాళ్లతో ఉరికి మొదట వచ్చినా. ఆటల అయివారు స్టీలు గిన్నె చేతికిస్తా "మీకు ఉరకడం కొత్తేముంది లేరా, చేన్లల్లో దొంగతనం చేసి ఉరికిన కాళ్లు గదా" అని నవ్వినాడు. చుట్టూ ఉన్నోళ్లు నవ్వినారు. నేను గూడా నవ్వినా. అందరికంటే ఆ నా నవ్వే నన్ను ఎక్కువ బాధ పెట్టింది. ఆ గిన్నెలో మా అమ్మ శానా ఏళ్లు ఉప్పు పోసి పెట్టింది. నేను మళ్లా పందెంలో నిలబడలేదు. ప్రొద్దుటూరులో డిగ్రీ చదివేటప్పుడూ నిలబడలేదు. 1994లో ఈదుమూడిలో దండోరా మొదలై దాని చప్పుడు మా హాస్టలు దాకా వచ్చినప్పుడు జెండా పట్టుకోని నడిచినానే గానీ, ఉరకలేదు.

మళ్లా ఉరికించింది చక్కెర జబ్బు. డాక్టరు రోజూ నడవమన్నాడు. పులివెందుల రింగురోడ్డు మీద తెల్లారుజామున నడుస్తా నడుస్తా ఒక దినం నాకు తెలీకుండానే ఉరికినా. కానిస్టేబుల్ సెలక్షన్లకు తయారయ్యే మాల, మాదిగ పిల్లోళ్లు నలుగురు అదే రోడ్డు మీద ఉరికేటోళ్లు. వాళ్లకు ఉరుకంటే ఉద్యోగం. ఒక్క సెకను ఎక్కువైతే ఇంటిల్లిపాది ఆశ పోతుంది. "సార్, మీరు మాకంటే నిదానమే గానీ మాకంటే దూరం పోతాండారు" అని వాళ్లే హైదరాబాద్ పందెం సంగతి ఫోన్లో చూపించినారు.

బూట్లు ప్రొద్దుటూరులో కొన్నా. మా నాయన ఆ ఊరి బస్టాండు కాడ చెప్పులు కుట్టి నన్ను చదివించినాడు. బూటు చేతికిస్తే తిప్పి తిప్పి చూసినాడు. బొటనవేలితో అట్ట ఒత్తి చూసినాడు.

"ఇది తోలు గాదు రా. కుట్టు గూడా ల్యా. అంతా గోందే. ఎంత?"

ధర చెప్తే కొంచేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "మీ అబ్బ తంగేడు చెక్కేసి లందలో తోలు పదును జేసి ఊరందరికీ కిర్రు చెప్పులు కుట్టినాడు. ఆయన మాత్రం ఊర్లోకి పోయేటప్పుడు చెప్పులు ఇప్పి సంకలో పెట్టుకున్నాడు. నువ్వు తొడుక్కోని పో. ఎవరు ఇప్పమన్నా ఇప్పాకు."

ముందు దినం హైదరాబాద్‌లో దిగి, ఆ ఏడాది ఏప్రిల్ 14న ఆవిష్కరించిన 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం కాడికి పోయినా. అందరూ తలెత్తి ఆయన మొగం చూస్తాండారు. నేను ముందు ఆయన కాళ్ల బూట్లు చూసినా.

తెల్లారక ముందే నెక్లెస్ రోడ్డులో పీపుల్స్ ప్లాజా కాడ వేల మంది. రొమ్ము మీద నాలుగు పిన్నీసులతో నంబరు తగిలించుకున్నా. దాంతోపాటు చిన్న చిప్పు ఒకటి ఉంటుంది. మన కాలు గీత దాటిన నిమిషం, సెకను అంతా దాంట్లో లెక్కకొస్తుంది. నా పక్కన నిలబడిన పిల్లోడు "మొదటి ఫుల్లా అంకుల్?" అని అడిగినాడు. మా సీమలో కొత్త మనిషి ఎదురైతే పేరడిగి, ఊరడిగి, ఆపైన "ఎవురోళ్లు?" అని అడుగుతారు. ఆ మూడో ప్రశ్న కోసం నేను కాచుకోని ఉన్నా. అది రాలేదు.

ఈ పందెం కథ గూడా నేను చదివినా. యుద్ధం గెలిచిన కబురు మారథాన్ నుంచి ఏథెన్స్‌కు ఉరికి మోసి, చెప్పీ చెప్పకనే ప్రాణం విడిచిన ఒక మనిషి కథ మీద ఇది పుట్టింది. 1896లో ఏథెన్స్‌లో మొదటి ఒలింపిక్ మారథాన్ గెలిచిన స్పిరిడాన్ లూయిస్ నీళ్లు మోసి బతికినోడు. 1960లో రోమ్‌లో ఇథియోపియా మనిషి అబెబె బికిలా బూట్లు లేకుండా వట్టి కాళ్లతో ఉరికి 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లలో గెలిచినాడు. కబురు మోసినోడు, నీళ్లు మోసినోడు, వట్టి కాళ్లోడు. అన్నా, ఇది షోకుగాళ్ల ఆట అంటివే, మొదట ఎవురి ఆటో చూడు.

హైదరాబాద్ దారి సులువైంది కాదు. ఫ్లైఓవర్లు ఎక్కాల, దిగాల. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ గుట్టలు ఎక్కాల. దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి దాటేటప్పటికి ఎండ ముదిరి నాలుక పిడచ కట్టుకపోయింది. ముందర బల్ల వేసి కాలేజీ పిల్లలు గ్లాసుల్లో నీళ్లు పట్టుకోని నిలబడి చప్పట్లు కొడతాండారు. ఒక ఆడబిడ్డ గ్లాసు ముందుకు చాపింది. నేను ఆగినా. ఆగి, తల వంచి, రెండు చేతులూ మూతి కాడికి తెచ్చి దోసిలి పట్టినా.

ఆ బిడ్డకు అర్థం కాలేదు. "గ్లాసు తీసుకోండి అంకుల్" అనింది. నాకు గూడా నేనేం చేస్తాండానో అప్పుడే తెలిసింది.

1983 ఎండాకాలం. నాకు ఎనిమిదేళ్లు. మా అబ్బ చావు కబురుతో పెన్న దాటి ముద్దనూరు దిక్కు పోతాంటే ఏడ్చి ఎంటబడినా. ఇసుక కాళ్లు కాల్చింది. ఆయన కొంత దూరం నన్ను భుజం మీద ఎత్తుకోని ఉరికినాడు. ఆ ఊరు చేరి, ఆ ఇంటి బయట ఎడంగా నిలబడి కబురు చెప్పినాడు. ఇంట్లో ఏడుపులు లేచినాయి. శానాసేపటికి ఒకామె చెంబుతో నీళ్లు తెచ్చింది. అరుగు మీద నిలబడి పైనుంచి పోసింది. మా అబ్బ నాకు నేర్పినాడు: "తల వంచు. చేతులు మూతికి ఆనించు. చెంబు దిక్కు సూడాకు. ఒక్క సుక్క కింద పోనీయాకు." నీళ్లు మోచేతుల మీద కారి సగం మట్టిలో పోయినాయి. ఇంకా కావాలని అడగబోతే మా అబ్బ నా చెయ్యి గట్టిగా నొక్కినాడు. తుండుగుడ్డలో గుప్పెడు జొన్నలు పోసి పంపించినారు. 1984లో రామారావు ప్రభుత్వం కరణం, మునసబు పదవులు రద్దు చేసినప్పుడు ఊర్లో పెద్దోళ్లు బాధపడినారు. మా అబ్బ చావు కబుర్లు మాత్రం రద్దు కాలేదు. కాళ్లు పడిపోయిందాకా మోసినాడు.

నలభై ఏండ్లు గడిచినాయి. చదువుకున్నా. ఉద్యోగం చేస్తాండా. పెద్ద కులాల పిల్లోళ్లకు పాఠం చెప్తాండా. అంటరానితనం మీద సభల్లో మాట్లాడినా. నేను మరిచిపోయినానని అనుకున్నా. బాగా దప్పికై ఒళ్లు తెలివి తప్పే యాళకు నా చేతులు వాటంతట అవే దోసిలైనాయి. కులం నా తలకాయలో నుంచి పోయిందేమో గానీ, నా మోచేతుల్లో ఇంకా ఉంది. ఉరక్కపోతే ఇది నాకు తెలిసేది కాదు. గ్లాసు తీసుకోని, అంచు పెదాలకు ఆనించి తాగినా. ఇంకొకటి అడిగినా. ఆ బిడ్డ నవ్వతా ఇచ్చింది. ఆ తర్వాత దప్పిక లేకపోయినా ప్రతి బల్ల కాడా ఆగి గ్లాసు తీసుకున్నా.

ముప్పై కిలోమీటర్లు దాటినాక కండల్లో, కాలేయంలో దాచుకున్న చక్కెర అయిపోయి కాళ్లు చెప్పిన మాట ఇనవు. ఉరికేటోళ్లు దాన్ని గోడ అంటారు. నేను నడకకు దిగినా. రోడ్డు పక్క మున్సిపాలిటీ పనోళ్లు మేము పారేసిన గ్లాసులు ఊడుస్తాండారు. ఒక పెద్దామె చీపురు ఆపి నన్ను చూసింది.

"నీళ్లు గావాల్నా సారూ? మా సీసల నీళ్లు మీరు తాగుతరో లేదో."

"నేనూ మాదిగోన్నే పెద్దమ్మా" అన్నా.

ఆమె నన్ను కిందికీ పైకీ చూసింది. బూట్లు చూసింది, నంబరు చూసింది. సీసా నా చేతిలో పెట్టి అడిగింది: "మరి నీకేం ఆపతొచ్చె బిడ్డా, ఇట్ల ఉరుకుతున్నవ్? నౌకరి లేదా?"

నేను నవ్వినా. ఆమె గూడా నవ్వింది. పాలమూరు దిక్కు ఊరంట. తెల్లారుజామున మూడు గంటలకే రమ్మన్నారంట, ఇంకా చాయ్ తాగలేదంట. నా చేతిలో ఉన్న అరటిపండు ఇస్తే కొంగులో పెట్టుకునింది. మళ్లా ఊడవడం మొదలుపెట్టింది.

గచ్చిబౌలి స్టేడియం చేరేటప్పటికి 5 గంటల 48 నిమిషాలు పట్టింది. మెడలో పతకం వేసినారు. అందరికీ వేసినారు. దోవ పొడుగునా నాకు చప్పట్లు కొట్టినారు, నీళ్లిచ్చినారు. మా అబ్బకు ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మేం పారేసిన గ్లాసులు ఊడ్చిన ఆ పెద్దమ్మకూ ఎవరూ కొట్టలేదు. ఆమె రొమ్ము మీద నంబరు లేదు. పట్నం ఒక్క పొద్దు నన్ను ఎవురోళ్లని అడగలేదు, నిజమే. మరుసటి దినం అదే వీధుల్లో అద్దెకు ఇల్లు అడిగితే అడుగుతుంది. మా మిత్రుడు అన్న దాంట్లో ఈ సగం సత్యం. దాన్ని కాదనను. అయితే ఆ రోడ్డు మీద మన కాళ్లకు పనిలేదంటే మాత్రం ఒప్పుకోను. ప్రాణభయం లేకుండా, ఎవని కబురూ మోయకుండా, చెప్పులు సంకలో పెట్టుకోకుండా నా కోసం నేను ఉరకడం మా వంశంలో అదే మొదలు.

ఇంటికొచ్చి పతకం మా నాయన చేతిలో పెట్టినా. బరువు చూసినాడు. "ఇత్తడి గూడా కాదు రా" అన్నాడు. కొంచేపుండి, "మీ అబ్బకు గుప్పెడు జొన్నలన్నా ఇచ్చినారు" అని నవ్వినాడు. నవ్వతానే కండ్లు తుడుచుకున్నాడు.

చదువుకునే తమ్ముండ్లారా, చెల్లెండ్లారా, నా నిమిషాలూ సెకన్లూ కంప్యూటర్లో ఉన్నాయి. మా అబ్బ జీవితమంతా ఎన్ని వేల కిలోమీటర్లు ఉరికినాడో ఏ కచేరీ రికార్డులోనూ లేదు. మీ ఇండ్లల్లో గూడా అట్లాంటోళ్లు ఉంటారు. వాళ్లు బతికుండగానే అడగండి. ఏ ఊరికి పోయినారు, ఎన్ని గంటలు పట్టింది, ఏం తిన్నారు, నీళ్లు ఎవురిచ్చినారు, ఎట్లిచ్చినారు. అడిగి రాసి పెట్టండి. మా అబ్బను నేను అడగలేకపోయినా. గుర్తున్న ఆ ఒక్క దోవా ఇక్కడ రాసినా.