లంబసింగి దారిలో ఒక లీజు కాగితం

మా నర్సీపట్నానికి రైలు లేదు. 'నర్సీపట్నం రోడ్డు' అనే పేరు చూసి ఆ స్టేషనులో దిగినవారు, ఊరు చేరడానికి బస్సో ఆటోనో ఎక్కి మళ్లీ చాలాదూరం ప్రయాణం చేయవలసిందే. పేరులో ఉన్నది చేతికి అందదని మావాళ్లు హాస్యానికి అంటుంటారు. గడచిన డిసెంబరులో మా అన్నయ్యగారి అబ్బాయి అమెరికా నుండి వచ్చినప్పుడు ఆ మాట నాకు ఒకటి రెండుసార్లు గుర్తుకు వచ్చింది.

వాడు టెక్సాసులో ఉంటాడు. 2016లో అక్కడి పౌరసత్వం తీసుకున్నాడు. ఇప్పుడు యాభై దాటింది గనుక, ఉద్యోగం విరమించాక సంవత్సరంలో నాలుగు నెలలైనా సొంత ప్రాంతంలో గడపాలని వాని కోరిక. ఆ కోరికను గూర్చి నేనేమీ అనను. కాని వచ్చిన రెండవ రోజున టిఫిను చేస్తూ, "చిన్నాన్నా, లంబసింగి దగ్గర ముప్పై సెంట్లు తీసుకున్నాను. తొంభై తొమ్మిదేళ్ల లీజు. చిన్న ఇల్లు కడదాం. నువ్వూ పిన్నీ కూడా వచ్చి ఉండవచ్చు" అన్నాడు. నా చేతిలోని ఇడ్లీ ముక్క చేతిలోనే ఉండిపోయింది.

వంద రూపాయల స్టాంపు కాగితం తీసి చూపించాడు. నోటరీ ముద్ర ఉన్నది. ఒక గిరిజన రైతు వేలిముద్ర ఉన్నది. మధ్యవర్తికి నాలుగు లక్షలు అడ్వాన్సుగా పంపాడట. ఇంటి ప్లాను కూడా ఫోనులో గీయించుకున్నాడు.

"నేల చూసివద్దాం పద" అన్నాను.

మరునాడు తెల్లవారకముందే అబీద్ సెంటరులో టీ త్రాగి కారులో బయలుదేరాము. నర్సీపట్నం నుండి లంబసింగి ముప్పై కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. మొదట చెరకు, సరుగుడు, జీడిమామిడి తోటలు. డౌనూరు దాటాక ఘాటు మొదలవుతుంది. మలుపు మలుపుకూ చలి పెరుగుతుంది. మేము చదువుకునే రోజుల్లో ఈ దారిన వెళ్లేవారు సంతకు వెళ్లేవారు, ఏజెన్సీలో ఉద్యోగాలు చేసేవారు మాత్రమే. ఇప్పుడు చలికాలంలో ఆదివారం వస్తే కార్లు బారులు తీరుతున్నవి. సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న ఆ పల్లెకు 'ఆంధ్రా కాశ్మీరు' అని పేరు పెట్టారు. చెరువులవేనం కొండమీదికి తెల్లవారుజామున ఎక్కి, క్రింద పాలసముద్రంలాగా పరచుకున్న మంచు మేఘాలను చూసి, ఫోటోలు తీసుకొని దిగిపోతారు. చూసిన ప్రతివానికీ అక్కడ ఒక ఇల్లు ఉంటే బాగుండునని తోచడం సహజమే. నాకూ తోచింది, దాచుకోవడమెందుకు?

కాని డౌనూరు వైపు సాగే ఆ దారిలో, మన కంటికి కనబడని ఒక గీత దాటుతాము. నర్సీపట్నం పట్టణం మైదానం. పైనున్న చింతపల్లి మండలం షెడ్యూల్డు ప్రాంతం. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విభజించినప్పుడు నర్సీపట్నం అనకాపల్లి జిల్లాలోకి, చింతపల్లి అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లినవి గాని, ఈ గీత అంతకు చాలా పాతది. 1917లోనే ఏజెన్సీ భూముల బదిలీ మీద తెల్లదొరల ప్రభుత్వం ఒక చట్టం చేసింది. అయినా షావుకార్ల అప్పులు, అటవీ ఆంక్షలు, రోడ్డు పనులకు కూలి ఇవ్వకుండా చేయించిన చాకిరీ ఆగలేదు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు మన్యం వారితో కలిసి చింతపల్లి పోలీసు స్టేషనుమీద పడినది ఆ కడుపుమంటతోనే. ఆయన సమాధి నర్సీపట్నానికి దాపునే, కృష్ణదేవిపేటలో ఉన్నది.

స్వాతంత్ర్యం వచ్చాక 1959లో భూబదలాయింపు రెగ్యులేషను వచ్చింది. 1970 నాటి ఒకటవ నంబరు రెగ్యులేషనుతో చేసిన సవరణ వల్ల అది గట్టిపడింది. అందుకే జనం నోట 'వన్ ఆఫ్ సెవెంటీ' అయింది. దాని సారాంశం ఇంతే: ఏజెన్సీలోని స్థిరాస్తిని గిరిజనునికి గాని, గిరిజనుల సహకార సంఘానికి గాని తప్ప మరెవ్వరికీ బదలాయించరాదు. ఇచ్చేవాడు గిరిజనుడైనా కాకపోయినా అదే నియమం. బదలాయింపు అంటే అమ్మకం ఒక్కటే కాదు. తాకట్టు, దానం, మార్పిడి, లీజు అన్నీ అందులోనివే. మా వాడు "నేను కొనలేదు చిన్నాన్నా, లీజే కదా" అని మూడుసార్లు అన్నాడు. చట్టం మాత్రం ఆ రెంటికీ తేడా చూడలేదు.

లంబసింగి దాటి కొంతదూరం మట్టిబాటలో వెళ్ళి కారు ఆపాము. నేల చక్కగా ఉన్నది. ఒకవైపు సిల్వరు ఓకు చెట్ల నీడలో కాఫీ మొక్కలు, చెట్లకు అల్లుకొన్న మిరియపు తీగలు. ఇంకొకవైపు రాజ్మా చిక్కుడు కోసిన మడి. గుడ్డ కప్పుకొని ముసలాయన ఒకడు చలి కాచుకుంటున్నాడు. వేలిముద్ర ఆయనదే. భగత కులస్థుడు.

"దండం బాబూ, రండి. మంట కాడ కూకోండి" అన్నాడు. మా వాడు కాగితం చూపించి, ఇందులో ఏమి రాసి ఉన్నదో తెలుసునా అని అడిగాడు.

"నాకు సదువు రాదు బాబూ. ఐదేళ్లు టెంటులేసుకుంటారు, తరవాత నీ బూమి నీకేనన్నాడు ఆ బాబు. కోడలికి ఆసుపత్రి కరుసుందని ముప్పై ఏలు తీసుకున్నాను."

"తొంభై తొమ్మిదేళ్లు, తాతా" అన్నాను నేను.

ఆయన వెంటనే నవ్వాడు. తరువాత నవ్వు ఆగిపోయింది. మడివైపు చూసి, "అయితే నా మనవళ్లు ఎక్కడ దున్నుతారు?" అన్నాడు.

మా వాడు మాట్లాడలేదు. నాలుగు లక్షలలో ఆ ఇంటికి చేరినది ముప్పై వేలు. వాడు కట్టబోయే ఇంటికోసం ఒక కుటుంబం మూడు తరాల తిండి వదులుకోవాలి. మధ్యవర్తి దగ్గర మిగిలినది మనకు తెలిసినదే.

తిరిగివచ్చాక మా సంఘంలో ఒక పెద్దాయన దగ్గరికి తీసుకువెళ్ళాను. ఆయన కోర్టులో గుమస్తాగా పనిచేసి రిటైరయినవారు. కళ్లద్దాలు పెట్టుకొని కాగితం ఒకసారి చదివి బల్లమీద పెట్టారు. "బాబూ, నీకు ఇక్కడ రెండు గోడలున్నవి. కొండమీద నువ్వు గిరిజనేతరుడివి. దేశంలో నువ్వు విదేశీ పౌరుడివి" అన్నారు.

మొదటి గోడ పైన చెప్పినదే. అటువంటి లీజు మొదటి రోజు నుండి చెల్లదు. గిరిజన సంక్షేమ స్పెషల్ డిప్యూటీ కలెక్టరు ఆ నేలనుండి ఖాళీ చేయించి, ఇచ్చినవానికో వాని వారసులకో తిరిగి అప్పగించవచ్చు. ఇల్లు కట్టుకున్నాను, ఇంత ఖర్చుపెట్టాను అని చూపించడానికి చెల్లని కాగితం పనికిరాదు. పైగా గిరిజనేతరుని స్వాధీనంలో ఏజెన్సీ భూమి ఉంటే, అది గిరిజనుని నుండి వచ్చినదేనని చట్టం ముందుగా భావిస్తుంది. కాదని నిరూపించుకోవలసిన భారం ఉన్నవానిదే. ఆయన ఇంకొక సంగతి చెప్పారు. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో గనుల లీజులమీద 'సమత' అనే సంస్థ వేసిన కేసులో, 1997 జూలై 11న సుప్రీంకోర్టు, ప్రభుత్వం కూడా షెడ్యూల్డు ప్రాంతపు భూమిని గిరిజనేతరులకు లీజుకు ఇవ్వరాదని తీర్పు చెప్పింది. సర్కారుకే లేని అధికారం వంద రూపాయల స్టాంపు కాగితానికి ఎక్కడినుండి వస్తుంది?

రెండవ గోడ ఫెమా. 1973 నాటి ఫెరా చట్టం పోయి, 1999లో వచ్చినది ఇది. మన దేశంలో పుట్టి పరాయి పౌరసత్వం తీసుకొని ఓసీఐ కార్డు ఉన్నవారు ఇల్లు, ఇంటిస్థలం, షాపు కొనవచ్చు. వ్యవసాయ భూమి, తోట, ఫారం హౌసు మాత్రం కొనకూడదు. మన మూలాలు లేని విదేశీయుడు వేరే దేశంలో నివసిస్తూ ఉంటే, రిజర్వు బ్యాంకు అనుమతి లేకుండా ఐదేళ్లకు మించని లీజు తీసుకోగలడు, అంతే. అయితే తండ్రి చనిపోయినప్పుడు వారసత్వంగా వచ్చే పొలాన్ని మాత్రం ఓసీఐ బిడ్డ కూడా పొందవచ్చు. ఆ పొలాన్ని అమ్మదలిస్తే మన దేశంలో నివసించే భారత పౌరునికే అమ్మాలి. పిల్లలు విదేశాల్లో ఉన్న తల్లిదండ్రులు ఈ రెండు ముక్కలు గుర్తుపెట్టుకోవడం మంచిది. చాలామంది అన్నకో బావమరిదికో డబ్బు పంపి వారి పేరున పొలం కొనిపిస్తున్నారు. అది బినామీ చట్టం క్రిందికి వస్తుంది. తరువాత అన్నదమ్ముల మధ్య మాటలు కూడా పోతున్నవి. మా వీధిలోనే చూశాను.

పరాయి నేలమీద ఇల్లు కట్టుకోవడం మనవాళ్లకు కొత్త కాదు. థాయిలాండులో విదేశీయుడు నేల కొనలేడు. ముప్పై ఏళ్ల లీజు తీసుకొని దానిమీది ఇంటికి మాత్రం యజమాని కాగలడు. ముప్పై ఏళ్లు నిండాక నేల యజమాని దయ. ఫిజీ కథ ఇంకా దగ్గరిది. 1903 నుండి మద్రాసు రేవు మీదుగా కూలీలను ఫిజీ చెరకుతోటలకు ఓడలెక్కించారు. వారిలో మన విశాఖపట్నం, గోదావరి జిల్లాలవారు కూడా ఉన్నారు. గిర్మిట్ ఒప్పందం తీరాక అక్కడే ఉండిపోయినవారు, ఫిజీ స్థానికుల భూములు లీజుకు తీసుకొని చెరకు పండించారు. ఆ దేశపు భూమిలో ఐదింట నాలుగు వంతులకు పైగా అక్కడి స్థానిక తెగలదే. దానిని అమ్మడానికి వీలులేదు. మనవారు ఇళ్లు కట్టారు, కొబ్బరి చెట్లు నాటారు, పిల్లలకు పెళ్లిళ్లు చేశారు. 1997 నుండి ముప్పై ఏళ్ల లీజులు ఒక్కొక్కటిగా ముగిసినప్పుడు వేలాది కుటుంబాలకు అవి తిరిగి దొరకలేదు. కొందరు రేకులు, దూలాలు ఊడదీసి లారీలమీద వేసుకొని సువా పట్టణం అంచులకు పోయారు. ఆ నేలవారి హక్కు న్యాయమైనదే. వెళ్లిపోయినవారి కన్నీరూ నిజమే. ఈ రెండూ మాట్లాడేటప్పుడు నాకు ఎప్పుడూ మాట తడబడుతుంది.

మైదానంలోనైనా, ఒకరి స్థలం లీజుకు తీసుకొని ఇల్లు కట్టేవారు కాగితం రిజిస్టరు చేయించుకోవాలి. ఏడాదికి మించిన లీజుకు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం రిజిస్ట్రేషను తప్పదు. వేరే ఒడంబడిక లేకపోతే, నేల తన స్వాధీనంలో ఉన్నంతవరకు తాను కట్టినది ఊడదీసుకుపోవచ్చు గాని, నేలను తీసుకున్నప్పటి స్థితిలో అప్పగించాలి. అబ్రాహాము పరదేశిగా ఉండి, శారాను పాతిపెట్టడానికి మక్పేలా పొలమును ఊరి గవిని యొద్ద అందరూ వినుచుండగా నాలుగు వందల తులముల వెండి తూచి కొన్నాడు. ఎఫ్రోను ఊరకనే ఇస్తానన్నా తీసుకొనలేదు. చాటున కుదిరే బేరం సంగతి ఆయనకు తెలిసే ఉంటుంది.

మధ్యవర్తి ఫోను పది రోజులు మ్రోగి మ్రోగి ఆగింది. చివరకు మా పెద్దాయన మాటసాయంతో రెండు లక్షలు వచ్చినవి. మిగిలినది రాలేదు. నాకు కోపం వచ్చింది. మా వాడికి రాలేదు. "ముప్పై వేలు ఆ తాతను అడగవద్దు చిన్నాన్నా" అన్నాడు.

అమెరికా వెళ్ళే ముందు మరొకసారి కొండమీదికి వెళ్ళాము. ఆ లీజు కాగితాన్ని ముసలాయన ఎదుటే చించి మంటలో వేశాడు. దాని నకలు ఎక్కడైనా ఉంటే చెల్లదని వ్రాసి, సంతకం చేసి, ఊరి పెద్దల ఎదుట ఆయన మనవని చేతికి ఇచ్చాడు. ఆ కుర్రవాడు చింతపల్లిలో ఇంటరు చదువుతున్నాడు. నెమ్మదిగా పైకి చదివి తాతకు వినిపించాడు. వచ్చే శీతాకాలంలో ఆ మడి ప్రక్కన రెండు గదులు వాళ్లే వేసుకొని, వచ్చినవారికి రోజుకింత అని అద్దెకు ఇస్తారట. మొదటి రెండు వారాలు మా వాడివేనని మాట తీసుకున్నాడు.

దిగేటప్పుడు ముసలమ్మ సంచిలో రాజ్మా గింజలు పోసి ఇచ్చింది. డబ్బు తీసుకోనన్నది. మా వాడు బలవంతంగా చేతిలో పెట్టాడు. డౌనూరు దాకా ఆ సంచి ఒడిలోనే పెట్టుకొని కూర్చున్నాడు.